పాప్‌కార్న్ ప్యాకెట్లు కడతానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా అయితే మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి నా బీపీ దగ్గర ఆపుతుంది. నిన్న ఆ రెండూ లేవు. "నీ మేనకోడలు పాప్‌కార్న్ ప్యాకెట్లు కట్టి అమ్ముతుందటరా, అన్నీ నీ బుద్ధులే" అని టక్కున పెట్టేసింది. తిట్టిందా, మెచ్చుకుందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

26 ఏళ్లు సినిమా హాల్లో పాప్‌కార్న్ మెషిన్ వెనక నిలబడ్డవాణ్ణి. నా పాత చొక్కాలకి ఇంకా ఆ వాసన పోలేదని మీ అత్త అంటూనే ఉంటుంది. మన ఇంట్లో ఒక పిల్ల, అదీ అంత చదువుకున్న పిల్ల, ఆ పనిని నామోషీ అనుకోకుండా తనంతట తాను ఎత్తుకుందంటే నాకు ఛాతీ ఉబ్బదా? ఉబ్బింది. అర్ధరాత్రి దాకా ఉబ్బే ఉంది. తర్వాత మంచినీళ్ల కోసం లేచాను, అప్పుడు పట్టుకుంది భయం, ఇక తెల్లారేదాకా నిద్ర లేదు.

భయం ఎందుకంటే, నేను పేల్చినవి పది నిమిషాల్లో జనం నోట్లో ఉండేవి. నువ్వు పేల్చినవి ఏ పది రోజులకో, నువ్వు లేని చోట, నీ మొహం కూడా తెలియనివాళ్లెవరో విప్పుతారు. అది వేరే వ్యాపారం. పేల్చడం నాకు వచ్చు, నీకూ వస్తుంది, రెండు రోజులు చేయి తిరిగితే చాలు. దాచడం దగ్గర మాత్రం నేను ఒకసారి చిత్తుగా ఓడిపోయాను. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, అందుకే రాస్తున్నా. కూర్చుని చదువు.

పేల్చడం గురించి ఒక్క మాటలో చెప్పేస్తా. నూనె కాగాక గింజలు ఒక్క పొరగా పడాలి, చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం రాగానే దింపేయాలి, మూత పూర్తిగా బిగించకుండా ఆవిరి పోయే సందు ఉంచాలి, లేకపోతే ఆ ఆవిరిలోనే మగ్గి పాప్‌కార్న్ తోలులా సాగుతుంది. నూనె పొయ్యి మీద ఉండగా ఫోన్ ఎత్తావని నాకు తెలిస్తే మాత్రం, మేనకోడలివని కూడా చూడను.

ఇక గింజలు. అందరూ గింజ ఎండిపోయి ఉంటేనే మంచిదనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. మంచి పాప్‌కార్న్ గింజలో తూకానికి 13.5 నుంచి 14 శాతం దాకా నీరు ఉంటుంది. ఆ నీరే దాని మందుగుండు. వేడెక్కేకొద్దీ లోపల ఆవిరి అవుతుంది, పై పొట్టు గట్టిది కాబట్టి ఎటూ పోలేక ఒత్తిడి పెరుగుతుంది, లోపలి పిండి మెత్తగా ఉడికిపోయి ఉంటుంది, ఒక్కసారిగా పొట్టు పగలగానే ఆ పిండి నురగలా పొంగి గాలి తగిలి గట్టిపడుతుంది. ఫ్రాన్స్‌లో ఇద్దరు పరిశోధకులు 2015లో లెక్క కట్టి, ఇది సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుందని తేల్చారట, ఈ మధ్యే చదివాను. నా సర్వీసంతా ఆ నంబరు తెలియకుండానే గడిచిపోయింది, చెవితోనే పని నడిపించాను.

కాబట్టి గింజల సంచి మూతి విప్పి వదిలేశావంటే నీ డబ్బు ఆవిరైపోతున్నట్టే, మాటవరసకి కాదు, నిజంగానే. నీరు తగ్గిన గింజ పేలదు, లేదా సగం విచ్చుకుని పళ్లు ఇకిలిస్తుంది. గింజ మీద చిన్న గీత పడినా అంతే, ఆవిరి అందులోంచి జారిపోతుంది. అలాగని తడి ఎక్కువైనా కుదరదు, అప్పుడు చిన్నగా, గట్టిగా, నమిలితే సాగేలా వస్తాయి, ఇంకా ఎక్కువైతే బూజు పట్టి మొత్తం సంచి పారబోయడమే. గాలి చొరని డబ్బాలో, ఎండ పడని, వేడి తగలని చోట పెట్టు. పొయ్యి పక్క అరలో వద్దు. ఫ్రిజ్‌లో అసలు వద్దు. ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా తాజాగా ఉంటుందని మీ అత్త నమ్మకం, కానీ అందులో గాలి పొడిగా ఉంటుంది, మూత సరిగ్గా లేకపోతే గింజలోని నీటిని మెల్లగా లాగేస్తుంది. పెద్ద సంచి తెచ్చినా పదిహేను రోజులకి సరిపడా చిన్న డబ్బాల్లోకి సర్దుకో, రోజూ విప్పేది ఒక్క డబ్బాయే అయ్యేలా చూసుకో.

కొత్త సంచి రాగానే పరీక్ష చెయ్యి. ఒక 100 గింజలు లెక్కపెట్టి పేల్చు, పేలనివి ఎన్నో చూడు. నాలుగో ఐదో మిగిలితే సరే. పాతికో ముప్పయ్యో మిగిలితే అమ్మినవాడితో మాట్లాడు. ఇంకో పరీక్ష, 25 గ్రాముల గింజలు పేల్చి కొలిచే పాత్రలో పోసి చూడు, మంచి గింజలైతే దాదాపు లీటరు అవుతాయి. ఈ రెండు లెక్కలూ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసుకో. గింజలు ఎండిపోయాయని తేలినా పారేయకు, మూడు కప్పుల గింజలు పెద్ద సీసాలో ముప్పావు వంతు వచ్చేలా పోసి, ఒక టేబుల్ స్పూన్ నీళ్లు చల్లి, మూత బిగించి, ఆ రోజంతా గుర్తొచ్చినప్పుడల్లా బాగా కుదుపు. నీళ్లు కనపడకుండా పోయాక రెండు మూడు రోజులు అలాగే వదిలేసి గుప్పెడు పేల్చి చూడు. చాలాసార్లు బతుకుతాయి. ఇది ఇంట్లో మిగిలిన సీసాడు గింజలకి పనికొచ్చే వైద్యం, బస్తాలకి బస్తాలు చేస్తానని మొదలుపెట్టకు, ఒకచోట తడి ఎక్కువై బూజొస్తుంది.

ఒక సంగతి చెబితే నమ్మవు. పెరూ దేశపు ఉత్తర తీరంలో తవ్వకాల్లో దొరికిన మొక్కజొన్న కంకుల్లో కొన్ని 6,700 ఏళ్ల నాటివట, అందులో పేలాలకి వాడిన రకం కూడా ఉందట. అన్ని వేల ఏళ్లు ఎలా ఆగాయి అంటే అక్కడ నేల ఎండి ఉండటం వల్ల. మనం కడితే ఒక్క రాత్రి కూడా ఆగలేదు. ఆ రాత్రి సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను హాల్లో చేరిన మూడో ఏడు. మీ అమ్మకి అప్పటికి పెళ్లి కాలేదు. ఒక స్కూలు వార్షికోత్సవానికి 400 ప్యాకెట్లు కావాలని అడిగారు, పొద్దున ఎనిమిదింటికల్లా అందించాలి. అంత పెద్ద ఆర్డరు నా జీవితంలో అదే మొదటిది. హాలు మేనేజర్ని బతిమాలి, రాత్రి ఆట అయ్యాక మెషిన్ వాడుకుంటానని ఒప్పించాను. మీ అమ్మ తోడొచ్చింది. ఇద్దరమే. బయట ముసురు.

సీలు వేసే మెషిన్ మాకెక్కడిది? పాలిథిన్ కవరు మూతిని రంపం బ్లేడు మీదుగా మడిచి, కొంచెం బయటికి ఉంచిన అంచుని కొవ్వొత్తి మంట మీంచి సర్రున లాగితే అంటుకుపోతుంది. మీ అమ్మ అందులో నాకంటే నేర్పరి. నేను పేల్చి, ఉప్పు జల్లి, కవర్లో పోసి ఇస్తుంటే తను అంటించేది. ఓ యాభై అయ్యాక తన చేయి ఆగింది. "ఒరేయ్, కవరు చేతికి చురుక్కుమంటోంది, కాసేపు చల్లారనివ్వరా" అంది.

నేనేమన్నానో తెలుసా? "వేడిగా కడితేనే అక్కా, ఆ కరకర లోపల ఉండిపోతుంది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, నాకే నమ్మకం కలిగింది. మూడేళ్లు మెషిన్ తిప్పినవాడిని, నాకు తెలియదా అని. అసలు కారణం వేరే ఉంది, ఆ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. పరిచి ఆరబెట్టడానికి అంత చోటూ లేదు, ఓపికా లేదు, మూడింటికల్లా ముగించి రెండు గంటలు పడుకోవాలని ఉంది. బద్ధకానికి ఒక సిద్ధాంతం తగిలించాను. మీ అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ కొవ్వొత్తి దగ్గరికి వంగింది. మూడుంపావుకి 400 అయిపోయాయి. అట్టపెట్టెల్లో వరసగా సర్ది, దాని మీద గుడ్డ కప్పి, అక్కడే బెంచీ మీద నడుం వాల్చాను.

పొద్దున పెట్టె ఎత్తగానే తెలిసిపోయింది. పాప్‌కార్న్ పెట్టె కదిపితే గలగలమనాలి. ఏమీ వినపడలేదు, దూది బస్తా ఎత్తినట్టుంది. గుడ్డ తీసి చూస్తే ప్రతి కవరు లోపలా సన్నటి నీటి చుక్కలు, చలికాలం కిటికీ అద్దం మీద పడతాయి చూడు, అలా. రాత్రి మూతి దాకా నింపిన కవర్లు సగానికి దిగిపోయి ఉన్నాయి. ఉప్పు కరిగి ఒక పక్కకి చేరింది. ఒకటి విప్పి నోట్లో వేసుకున్నాను. నాలుక మీద తడి కాగితం పెట్టినట్టు.

అప్పుడు నాకు అర్థం కానిది ఇప్పుడు నీకు రెండు ముక్కల్లో చెప్పగలను. పేలిన గింజలోంచి ఆవిరి మొత్తం ఒక్క దెబ్బకే పోదు, దింపాక కూడా కొంతసేపు వస్తూనే ఉంటుంది. కవరు మూసేస్తే దానికి దారి లేదు. కవరు చల్లబడగానే ఆ ఆవిరి నీరై లోపలి గోడలకి పడుతుంది. పేలిన గింజ ఎముక ఎండినట్టు ఎండిన నురగ, నీరు ఎక్కడ కనపడితే అక్కడ పీల్చేస్తుంది. నేను కరకరని కాదు, నీళ్లని కట్టాను. అదీ 400 సార్లు.

వేరే దారి లేదు, ఆ పెట్టెలే పట్టుకెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది, లేదంటే వెళ్లి ఉన్న మాట చెప్పి దండం పెట్టి ఉండాల్సింది. ఎవరూ గమనించరులే అనుకున్నాను. పిల్లలకి పంచారు. వెనక గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. ముందు వరసలో ఒక పిల్లాడు, ఆరేడేళ్లు ఉంటాయేమో, ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. ఉమ్మేయలేదు, మొహం కూడా చిట్లించలేదు. మెల్లగా మింగి, అటూ ఇటూ చూసి, ప్యాకెట్‌ని మడిచి కుర్చీ కింద పెట్టేశాడు. పక్కవాడూ అదే చేశాడు. అయిపోయాక చూస్తే కుర్చీల కింద వరసగా ప్యాకెట్లు. ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఆ టీచరమ్మ డబ్బు పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చింది, థ్యాంక్స్ కూడా చెప్పింది. మళ్లీ ఏ ఏడాదీ పిలవలేదు.

నా భయమంతా ఇక్కడే ఉంది, విను. ఉప్పు ఎక్కువైతే జనం అరుస్తారు, మాడితే అరుస్తారు. మెత్తబడితే ఎవరూ ఏమీ అనరు, ఇంకోసారి కొనరు, అంతే. నువ్వేమో బాగానే నడుస్తోందనుకుంటావు. అందుకే వాళ్లు చెప్పేదాకా ఆగే పని కాదు ఇది, నీ అంతట నువ్వే విప్పి చూసుకుంటూ ఉండాలి.

ఆ రోజు మిగిలినవి ఏరుకుని సంచిలో వేసుకుని ఇంటికి నడుస్తుంటే, మీ అమ్మ "చెప్పానా" అని ఒక్క మాట అంటే బావుండు అనుకున్నాను. అనలేదు. సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసి విప్పి, దారంతా ఒక్కొక్కటీ నమిలింది. పూర్తిగా తినేసింది. "ఫర్వాలేదురా, తినొచ్చు" అంది. మీ అమ్మ పాప్‌కార్న్ ముట్టదని నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు కదా, ఎందుకమ్మా అంటే పళ్లల్లో ఇరుక్కుంటుందని చెబుతుంది. అబద్ధం. అంతకుముందు నా దగ్గర పెద్ద పొట్లం లేనిదే సినిమాకి కూర్చునేది కాదు.

సరే, ఇప్పుడు పని మాటలు.

దింపగానే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచెయ్. కుప్పగా పోస్తే పైన చల్లగా ఉన్నట్టే ఉంటుంది, మధ్యలో చెయ్యి పెడితే వేడి. పెద్ద రంధ్రాల జల్లెడలో ఒకసారి ఆడిస్తే ఆవిరీ పోతుంది, పేలని గింజలూ రాలిపోతాయి, ఎవరి పన్నూ విరగకుండా ఉంటుంది. చల్లారిందో లేదో నేను కనిపెట్టిన పరీక్ష ఇది: ఒక గాజు గ్లాసు బోర్లించి రెండు నిమిషాలు పాప్‌కార్న్ మీద ఉంచు. గ్లాసు లోపల మసక పట్టిందా, ఇంకా ఆగు. పట్టకపోతే ఆ క్షణమే కట్టెయ్. ఆ క్షణమే అని ఎందుకంటున్నానంటే, చల్లారడం అయ్యాక బయట ఉంచిన ప్రతి నిమిషం అది గాలిలో తేమని తాగుతూ ఉంటుంది. ముసురు పట్టిన రోజు గంటసేపు పళ్లెంలో వదిలేశావంటే వేడిగా కట్టినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. వాన రోజుల్లో కొంచెం కొంచెంగా పేల్చు, కట్టు, మళ్లీ పేల్చు. వీలైతే ఆ రోజు మానేయ్. ఆర్డరు పోతుందని టెన్షన్ పడకు, నేను పోగొట్టుకున్నదాని కంటే ఎక్కువేం పోదు.

కవరు దగ్గర పిసినారితనం చూపించకు. పల్చటి పారదర్శకం కవరు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపలి సరుకు కనపడుతుంది. కానీ దానిగుండా గాలి మెల్లమెల్లగా దూరుతుంది, వెలుతురైతే అడ్డే లేకుండా వెళుతుంది. లోపల వెండిలా మెరిసే పూత ఉన్న కవర్లు వెలుతురునీ, గాలినీ, తేమనీ బాగా ఆపుతాయి, ఖరీదు ఎక్కువే, అయినా అవే తీసుకో. పెద్ద కంపెనీలు కవర్లో గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు, నూనె పాడవకుండా, సరుకు నలగకుండా. నీకది తర్వాత. ఇప్పటికి సీలు గట్టిగా పడితే చాలు. సీలు పడే చోట ఒక్క ఉప్పు రవ్వ, ఒక చిన్న నూనె మరక, ఒక పొట్టు ముక్క ఉన్నా అక్కడ కంటికి కనపడని సందు మిగులుతుంది. నింపేటప్పుడు కాగితం గరాటా వాడు, మూతి తుడిచి సీలు వెయ్యి. రోజూ కట్టినవాటిలో ఏవో రెండు మూడు తీసుకుని నీళ్ల బకెట్లో ముంచి మెల్లగా నొక్కు. బుడగలు వచ్చాయంటే ఆ గంటలో వేసిన సీళ్లన్నీ మళ్లీ చూసుకో.

ఇంకో పరీక్ష, దీనికి చిన్న తూకం యంత్రం ఉంటే చాలు. ఒక ప్యాకెట్ కట్టగానే తూచి బరువు దాని మీద రాసి పక్కన పెట్టు. వారం వారం తూచు. 50 గ్రాములున్నది 52 అయిందంటే ఆ రెండు గ్రాములూ ఎక్కడివి? బయటినుంచి దూరిన నీళ్లు. నోటితో రుచి చూసి తెలుసుకునేలోపే తూకం చెప్పేస్తుంది. ఎన్ని రోజులు ఆగుతుందో అట్ట మీద ఎవరో వేసిన తేదీ చూసి నువ్వూ వేయకు, నీ కవర్లో, నీ చేతి సీలుతో ఎన్నాళ్లు ఆగిందో చూసుకుని అందులో సగమే తేదీగా వెయ్యి. ఇంట్లో మామూలు డబ్బాలో అయితే వారం, మహా అయితే రెండు వారాలు అనుకో.

తేమ గురించే ఇంతసేపూ మాట్లాడాను, నూనె మర్చిపోతానేమో. కరకరలాడుతూనే పాడైపోయే పాప్‌కార్న్ కూడా ఉంటుంది, అది ఇంకా మోసం. పేలిన గింజ నిండా మడతలూ గుల్లలూ కాబట్టి కాస్త నూనె కూడా చాలా పల్చగా, చాలా మేర పరుచుకుంటుంది. దానికి గాలి, వెలుతురు, వేడి తగిలి నూనె చెడుతుంది. నోట్లో పెట్టుకున్నప్పుడు తెలియదు, మింగాక గొంతు వెనక ముక్కిపోయిన వాసన తగులుతుంది. ఒకసారి వాడిన నూనె మళ్లీ వాడకు. గిన్నె గోడలకి అంటుకున్న పాత జిడ్డు రోజూ కడుగు, కొత్త నూనెని అదే చెడగొడుతుంది. కొబ్బరి నూనె మిగతా చాలా నూనెల కన్నా నిదానంగా చెడుతుంది, సినిమా హాళ్లలో దాన్ని ఇష్టపడటానికి అదొక కారణం. కవరు విప్పి ముందు వాసన చూడటం అలవాటు చేసుకో, తర్వాతే నోట్లో వేసుకో.

వెన్న వేస్తానని మీ అమ్మతో అన్నావట. అప్పటికప్పుడు తినేదానికి వెయ్యి, ఎంతైనా వెయ్యి. కట్టి దాచేదానికి వద్దు. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది, ఆ నీరు ఎక్కడికి పోతుందో ఈపాటికి నీకు తెలిసే ఉండాలి. కావాలంటే కాచి నీరంతా పోగొట్టి వాడుకో. పంచదార పాకం పట్టిన రకం చేస్తానంటే గుండ్రంగా పుట్టగొడుగులా పేలే గింజలు అడిగి తీసుకో, రెక్కలు విచ్చుకునే రకం పాకంలో కలిపేటప్పుడు విరిగిపోతుంది. పాకం గాలి తగిలితే జిగురెక్కుతుంది, అదీ ఇదీ ఒకే డబ్బాలో పెట్టకు. ఉప్పు కూడా తేమ పట్టేదే, ముఖ్యంగా శుభ్రం చేయని గల్లుప్పు. మెత్తగా, పొడిపొడిగా ఉన్నది వాడు, తక్కువ వేస్తే సరిపోతుంది, బాగా అంటుకుంటుంది కూడా.

నిన్నటి సరుకు ఇవాళ్టి దాంట్లో కలపకు. ఇది సలహా కాదు, నా ఆన అనుకో. నేను హాల్లో చూసిన పాపాల్లో అదే పెద్దది, గంపలో అడుగున నిన్నటివి, పైన వేడివి. పాతదానిలోని తేమ కొత్తదానికి పాకి రెండూ పోతాయి. మెత్తబడినవి ఉంటే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు పల్చగా పరిచి పెడితే మళ్లీ కరకరలాడతాయి, చల్లారాక ఇంట్లో తినండి. అమ్మడానికి మాత్రం పెట్టకు. ఓవెన్ తేమని తీసేయగలదు గానీ పాతబడ్డ నూనెని కొత్తది చేయలేదు.

ఇంకోటుంది, నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నా. ప్యాకెట్ మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి పెట్టవద్దని పెద్ద అక్షరాలతో వేయించు. అమ్మకాలు తగ్గుతాయని ఎవరైనా అంటే వినకు. హాల్లో చీకట్లో చంటిపిల్ల గొంతులో ఇరుక్కుని, తల్లి అరుస్తుంటే, ఆట ఆపి లైట్లు వేసి, పక్కసీటు ఆయన వీపు మీద చరిచి తీసేదాకా నా చేతులు ఆడలేదు. పిల్ల బతికింది. ఆ రోజు తర్వాత చంకలో పిల్లలున్నవాళ్లు వస్తే పొట్లం చేతికిచ్చే ముందు చెప్పేవాణ్ణి, కొందరు విసుక్కునేవాళ్లు, విసుక్కోనీ.

ఎక్కువ తిట్టినట్టున్నాను. మొదటి నెలలో ఓ యాభై ప్యాకెట్లు పాడవుతాయి, పాడవనీ, అది కూలి అనుకో. పాడయ్యాయని తెలిస్తే మాత్రం మావయ్యలా పెట్టెలు మోసుకుపోకు, ఫోన్ చేసి ఇవాళ ఇవ్వలేనని చెప్పేయ్. ఆ ఒక్క ఫోన్ చేసే ధైర్యం నాకు ఉండుంటే, కుర్చీల కింద ఆ ప్యాకెట్లు నేను చూసి ఉండేవాణ్ణి కాదు. నీకు డబ్బు తక్కువైతే అడుగు, సీలు మెషిన్ నేను కొనిపెడతాను, ఇది మీ అమ్మకి చెప్పకు.

మొదటి విడతలో రెండు ప్యాకెట్లు పక్కన పెట్టి, తేదీ, బరువు రాసి, ఒకటి నాకు పంపు. 20 రోజులు విప్పను, అటక మీద పెడతాను, మీ అత్త చేతికి అందకుండా. రెండోది అదే రోజు మీ అమ్మ ముందు విప్పు. తినమని బలవంతం చేయకు, పక్కన పెట్టి నీ పని నువ్వు చూసుకో. ఎన్ని తిందో తర్వాత నాకు చెప్పు.

మీ మావయ్య